నడకను బట్టి రాగం: కొత్తగా వినేవారికి

విజయవాడలోనో గుంటూరులోనో కచేరీ ముగిశాక బయటికి వస్తున్న వాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "చాలా బాగా పాడారండీ, కానీ మనకు రాగాలు తెలియవు కదా!" ఈ మాటలో సగమే నిజం. పేర్లు తెలియకపోవచ్చు. రాగం మాత్రం కృష్ణా, గుంటూరు జిల్లాల చెవికి ఎప్పుడూ కొత్త కాదు.

పద్యనాటకం చూసిన తరాలు ఇక్కడివి. పద్యం చివరి పాదం అయిపోయాక నటుడు తీసే రాగం కోసమే తెల్లవార్లూ కూర్చున్న ఊళ్లున్నాయి. హార్మోనియం వెనకాల వస్తుండగా ఆ రాగం పైస్థాయికి ఎక్కి, అక్కడ నిలబడి, ఒక్కో మెట్టూ దిగి వస్తే "వన్స్ మోర్" అని జనం లేచేవారు. ఎక్కడైనా ఒక స్వరం పక్కకు జరిగితే, ఆ స్వరం పేరేమిటో తెలియని రైతు కూడా ముఖం చిట్లించేవాడు. గుంటూరు పక్కన సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య పద్యానికి వచ్చిన చప్పట్లలో చాలా భాగం ఆ చివరి రాగానివే. సంగీతశాస్త్రం దాన్ని ఆలాపన అంటుంది. నాటకం చూసినవాళ్లు "రాగం తీయడం" అన్నారు. రెండూ ఒకే పని, నిడివిలోనూ నిష్ఠలోనూ తేడా.

నాటకం వెళ్లిపోయాక రేడియో వచ్చింది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి పొద్దున్నే 'భక్తిరంజని' ఎన్నో ఇళ్లలో మోగింది. అదే కేంద్రంలో ఓలేటి వేంకటేశ్వర్లు నడిపిన సంగీత శిక్షణ కార్యక్రమం గురువు దొరకని వాళ్లకు కూడా పాఠం చెప్పింది. అంటే ఈ ప్రాంతంలో కొత్త శ్రోత అనుకునే మనిషి నిజానికి సగం దారి నడిచినవాడు. మిగిలిన సగం ఏమిటన్నదే ఇక్కడ విషయం.

చాలామంది ఆ మిగిలిన సగాన్ని పేర్లతో నింపుకోవాలని చూస్తారు. 72 మేళకర్తల (ఏడు స్వరాలూ ఉన్న మూల రాగాల) పట్టిక సంపాదిస్తారు, ఆరోహణ అవరోహణలు (స్వరాలు ఎక్కే, దిగే వరుసలు) బట్టీ పడతారు, పాట మొదలవగానే పక్కవారిని "ఇదేం రాగం?" అని అడుగుతారు. ఆ పట్టిక గొప్పదే, సందేహం లేదు. షడ్జ పంచమాలు (స, ప) కదలవు. మధ్యమం (మ) రెండు రకాలు. రిషభ గాంధారాల (రి, గ) జత ఆరు విధాలు, ధైవత నిషాదాల (ద, ని) జత ఆరు విధాలు. రెండు ఆర్లు పన్నెండు, పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. అంత సొగసైన లెక్క అది. కానీ అది రాగాలను వరుసలో పెట్టుకోవడానికి పనికొచ్చేది, వినడానికి కాదు. పట్టికతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది పట్టిక దగ్గరే ఆగిపోతారు.

మొదట పట్టుకోవలసింది షడ్జం, అంటే 'స'. కచేరీలో గాయకుడు నోరు విప్పకముందే మోగుతూ, ఆయన ముగించాక కూడా మోగేది తంబూర. దానికి నాలుగు తీగలు: మంద్ర (కింది స్థాయి) పంచమం, రెండు మధ్య షడ్జాలు, చివర మంద్ర షడ్జం. ఇప్పుడు చాలాచోట్ల శ్రుతిపెట్టెలు, ఫోన్లో తంబూర యాప్‌లు వచ్చేశాయి. ఏదైనా పని ఒక్కటే: ఇదిగో, కొలత ఇక్కడి నుంచి మొదలు అని చెవికి చెప్పడం. ఆ షడ్జం ఎత్తునే శ్రుతి అంటారు. మగవారు ఎక్కువగా ఒకటి శ్రుతికి అటూ ఇటూ, ఆడవారు అయిదు శ్రుతికి అటూ ఇటూ పెట్టుకుంటారు. శ్రుతి మారినా రాగం మారదు, ఎందుకంటే ప్రతి స్వరమూ ఆ షడ్జం నుంచి ఎంత దూరంలో ఉందన్నదే లెక్క. పాట వింటూ మధ్యలో ఎక్కడ ఆపినా 'స' ని గొంతులో సన్నగా అనగలిగితే శ్రోత చదువులో మొదటి తరగతి అయినట్టే. ఫోన్ స్పీకరులో తంబూర దాదాపు వినిపించదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే చాలు, అది పాటకు అడుగున పరుచుకుని ఉండడం తెలుస్తుంది.

షడ్జానికి ఇంత పట్టింపు ఎందుకో హార్మోనియం ముందు కూర్చుంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. హార్మోనియం లేకపోతే ఫోన్లో ఏ కీబోర్డు యాప్ అయినా సరిపోతుంది. అందులో నల్ల మెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మొత్తం అయిదు. తెల్ల మెట్లు ముట్టుకోకుండా, మూడింటి గుంపులో మొదటి నల్ల మెట్టును షడ్జం అనుకుని వరుసగా పైకి పోతే మోహనం వస్తుంది: స రి గ ప ద స. తెలుగువారికి 'లాహిరి లాహిరి లాహిరిలో' పాటతో గుండెలో నిలిచిపోయిన రాగం. ఇప్పుడు అవే అయిదు మెట్లు. కానీ శ్రుతిని ఆ గుంపులో రెండో మెట్టుకు మార్చి, దాన్ని షడ్జం చేసుకుని మొదలుపెడితే మధ్యమావతి. మూడో మెట్టు షడ్జమైతే హిందోళం. రెండింటి గుంపులో మొదటిది షడ్జమైతే శుద్ధ సావేరి, రెండోదైతే శుద్ధ ధన్యాసి. వేళ్లు తాకే మెట్లు ఒక్కటి కూడా మారలేదు. మారింది అడుగున మోగే 'స' ఒక్కటే, దానితో అయిదు వేర్వేరు రాగాలు పుట్టాయి. సంగీతజ్ఞులు దీన్ని గ్రహభేదం అంటారు. కచేరీలో ఎవరైనా విద్వాంసుడు ఒక్క క్షణం దీన్ని చూపించి మళ్లీ అసలు షడ్జానికి వచ్చేస్తే, శ్రుతి చెవిన పడనివాళ్లకు ఏమీ జరగనట్టుంటుంది. పడినవాళ్లకు ఒళ్లు ఝల్లుమంటుంది.

తర్వాత స్వరాల తేడా. దీనికి జంటలుగా వినడం మంచి పద్ధతి. మోహనం, హంసధ్వని పక్కపక్కన పెట్టుకుంటే తేడా ఒక్క స్వరంలోనే: మోహనంలో పంచమం తర్వాత ధైవతం, హంసధ్వనిలో నిషాదం. అంతమాత్రానికే ఒకటి తీరుబడిగా, ఒకటి చురుకుగా వినిపిస్తుంది. హంసధ్వనిలో గణపతి కీర్తన లేకుండా ఎన్ని కచేరీలు మొదలవుతాయి కనుక! తర్వాతి జంట శంకరాభరణం, కల్యాణి. మేళకర్తల వరుసలో ఒకటి 29, ఇంకొకటి 65. మధ్యమం మారితే 36 కలుస్తుందన్నది ఆ పట్టిక సూత్రం, ఇక్కడ కూడా అంతే. శుద్ధ మధ్యమం (కింది 'మ') ప్రతి మధ్యమమైంది (పై 'మ'), మిగతా ఆరూ యథాతథం. ఈ జంటను ఒక వారం వింటే మధ్యమం మీద చెవి నిలుస్తుంది, ఆ తర్వాత ఎన్నో రాగాల్లో ఆ ఒక్క స్వరమే గుర్తుగా పనికొస్తుంది. మోహనం బాగా పట్టుబడినవాళ్లకు బిలహరి ఒక బహుమానం: ఎక్కేటప్పుడు అచ్చం మోహనం, దిగేటప్పుడు శంకరాభరణంలోని ఏడు స్వరాలూ. గాయకుడు పైషడ్జం తాకి నిషాదం మీదికి దిగిన ఆ ఒక్క అడుగులో మోహనం కాస్తా బిలహరి అయిపోతుంది.

ఇక్కడి వరకు పద్యనాటకం పెంచిన చెవి తేలిగ్గానే వస్తుంది, ఎందుకంటే ఇదంతా హార్మోనియం చెప్పగలిగిన పాఠం. కష్టమైనదీ, కర్ణాటక సంగీతానికి ప్రాణమైనదీ ఇక మీద ఉంది. అది హార్మోనియానికి అందదు. మెట్టు నొక్కితే ఒక స్వరం పలుకుతుంది, ఇంకో మెట్టు నొక్కితే ఇంకో స్వరం. రెండింటి నడుమ ఉన్న చోటు దానికి లేదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని తన స్టూడియోల్లోకి రానివ్వకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. ఆ నిషేధం న్యాయమా అన్నది వేరే చర్చ. నాటకరంగానికి హార్మోనియం చేసిన మేలు తక్కువది కాదు. కానీ దాని లోపం గురించి చెప్పింది మాత్రం తప్పు కాదు. విజయవాడ, గుంటూరు శ్రోతకు స్వరస్థానం తెలుసు, గమకం మీద చెవి నిలవడం ఇంకా కావాలి. కొత్తగా వినేవారు తమ శ్రమనంతా పెట్టవలసింది ఈ చోటే.

గమకం అంటే స్వరం నిలబడే తీరు, కదిలే తీరు. ఊగుతుందా, జారుతుందా, పక్క స్వరాన్ని తాకి వస్తుందా, ఊగకుండా నిటారుగా ఉంటుందా? దీని బలమెంతో తెలియాలంటే ఆరభి, దేవగాంధారి రెండూ వినాలి. కాగితం మీద రాస్తే రెండింటికీ ఒకటే ఆరోహణ, ఒకటే అవరోహణ: స రి మ ప ద స, స ని ద ప మ గ రి స. పట్టిక చూసి రాగం చెప్పేవారికి ఇక్కడ దారి మూసుకుపోతుంది. చెవికి మాత్రం రెండూ ఎక్కడా కలవవు. ఆరభి వడివడిగా, స్వరాలను సూటిగా పలుకుతూ పోతుంది. గాంధార నిషాదాల మీద ఆగదు. దేవగాంధారి నెమ్మది, దిగేటప్పుడు స్వరాలను ఊపుతూ, సాగదీస్తూ, ప్రతి మలుపులోనూ నిలిచి చూసుకుంటూ దిగుతుంది. వీధి చివర నుంచి వచ్చే మనిషిని ముఖం కనబడకముందే నడకను బట్టి ఫలానా వారని పోల్చుకుంటామే, రాగాన్ని గుర్తుపట్టడమూ అటువంటిదే. త్యాగరాజు ఆరభిలో 'సాధించెనే', దేవగాంధారిలో 'క్షీరసాగర శయన' చేశారు. రెండూ ఒకే సాయంత్రం ఒకదాని తర్వాత ఒకటి వింటే పుస్తకాలు పేజీలకు పేజీలు చెప్పేది అరగంటలో అర్థమవుతుంది. హిందుస్తానీలో భూప్, దేశ్‌కార్‌ల మధ్య కూడా ఇదే కథ.

ఇక తెలుగు శ్రోతకు మాత్రమే ఉన్న ఒక చిక్కు ఉంది. కర్ణాటక సంగీతంలో ఎక్కువ కీర్తనలు మన భాషలో ఉన్నాయి. ఇది అదృష్టమని అందరూ అంటారు, అదృష్టమే. తంజావూరు జిల్లాలో కావేరి ఒడ్డున కూర్చుని త్యాగరాజు తెలుగులో మొరపెట్టుకున్న మాట రెండు వందల ఏళ్ల తర్వాత గుంటూరులో ఏ వ్యాఖ్యానమూ లేకుండా అర్థమవుతోంది. కానీ అర్థమైన మాట చెవిని పట్టి లాగుతుంది. 'నను పాలింప నడచి వచ్చితివో' అనగానే మనసు రాముడి వెంట నడుస్తుంది, మోహనం వెంట నడవదు. తెలుగు రాని తమిళ శ్రోతకు ఆ మాటలు సగం నాదమే కాబట్టి అతని ధ్యాస సహజంగానే రాగం మీదకు పోతుంది. ఇంకో పక్క, మాట మీదే ధ్యాస ఉన్న తెలుగువారికి విసుగు కూడా వస్తుంది: గాయకుడు పదాన్ని మధ్యలో విరిచాడనీ, ఒకే పాదాన్ని పదిసార్లు ఎందుకు తిప్పుతున్నాడనీ. ఆ పదిసార్లు తిప్పడమే సంగతులు. మాట అక్కడే ఉంటుంది, రాగం ప్రతిసారీ ఒక అడుగు ముందుకు వేస్తుంది. మొదటి సంగతిలో లేని మలుపు మూడో సంగతిలో ఎక్కడ వచ్చిందో చూడడం మొదలుపెడితే విసుగు దానంతటదే పోతుంది.

అందుకే తెలుగువారు రాగాన్ని మాటలేని చోట మొదలుపెట్టడం మేలు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల వీణ, ద్వారం వేంకటస్వామి నాయుడి వయొలిన్ రికార్డింగులు సులువుగా దొరుకుతున్నాయి. వీణలో గమకం కంటికి కూడా కనిపిస్తుంది: ఎడమచేతి వేలు తీగను మెట్టు మీద పక్కకు లాగడం, వదలడం, జార్చడం. యూట్యూబులో దృశ్యంతో ఉన్నవి చూస్తే చెవి పట్టుకోలేనిది కన్ను పట్టుకుంటుంది.

నాదస్వరం గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. గుంటూరు సీమకు ఆ వాద్యంతో ఉన్న బంధం పెద్దది. చిలకలూరిపేట పేరు నాదస్వరం తెలిసిన ప్రతివారికీ తెలుసు. గుళ్లో స్వామివారి సేవకు తరతరాలుగా వాయిస్తూ వచ్చిన ముస్లిం కుటుంబాలు ఈ ప్రాంతానివి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చిన మౌలానా (1924–1999) తమిళ దేశంలోనే తలమానికమైన విద్వాంసుడయ్యారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇంతటి సంప్రదాయం ఉన్న చోట పెళ్లిలో మేళాన్ని ఎవరూ వినకపోవడం బాధాకరం. ముహూర్తానికి ముందు, పందిట్లో జనం కబుర్లలో ఉన్నప్పుడు, మంచి మేళగాళ్లు నిజంగానే రాగం ఆలాపన చేస్తారు. మాట లేదు, మైకు అక్కర్లేదు, ఊపిరి తెగకుండా రాగం సాగుతుంటుంది. కొత్త శ్రోత కుర్చీ వాళ్ల దగ్గరికి జరుపుకుని పావుగంట కూర్చుంటే అంతకన్నా మంచి పాఠం టికెట్టు కొన్నా దొరకదు. వినేవారున్నారని తెలిస్తే వాయించేవారి తీరు కూడా మారిపోతుంది.

ఒక్క రాగంతోనే కొంతకాలం కాపురం చేయాలన్నది అనుభవజ్ఞులందరూ చెప్పే మాట. మోహనానికి ఆ అర్హత నిండుగా ఉంది. సంగీత కళాశాలలో పిల్లలు తొలినాళ్లలో పాడే 'వరవీణా' గీతం మోహనమే, కాస్త ఎదిగాక నేర్చే 'నిన్నుకోరి' వర్ణం మోహనమే, త్యాగరాజ కీర్తనలున్నాయి, సినిమా పాటలున్నాయి. గీతంలో రాగం బొమ్మకట్టుగా ఉంటుంది. వర్ణంలో గమకాలతో కండపడుతుంది. కీర్తనలో భావం చేరుతుంది. ఆలాపనలో ఇవన్నీ విప్పి గాయకుడు తన సొంత దారి వేస్తాడు. అదే రాగం ఇన్ని రూపాల్లో విన్నాక 'గ' మీద ఆగడం, 'గపదస' అని ఎక్కడం, 'దపగరి' అని దిగడం లాంటి పలుకుబళ్లు ఎవరూ నేర్పకుండానే చెవిలో కూర్చుంటాయి. సినిమా పాటను గుర్తుగా వాడుకోవడంలో తప్పేమీ లేదు. అయితే సంగీత దర్శకుడికి పాట సొగసు ముఖ్యం, ఒక్కోసారి రాగంలో లేని స్వరం కూడా వేస్తాడు. గుర్తు వరకే దాన్ని నమ్మాలి.

ఇక కచేరీ. విజయవాడలో తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో కావచ్చు, గుంటూరులో వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో కావచ్చు. నేటి కచేరీ వరుస అరియక్కుడి రామానుజ అయ్యంగార్ కాలంలో కుదురుకున్నది. వర్ణం, చిన్న కీర్తనలు, ఆపైన ఒకటో రెండో పెద్ద రాగాలు, చివర జావళి, పదం, తరంగం లాంటి తేలికపాటివి, మంగళం. పెద్ద రాగం దగ్గరే శ్రోత పరీక్ష. మృదంగం ఆగిపోతుంది. మాట ఉండదు, తాళం ఉండదు. గాయకుడు షడ్జం చుట్టూ నాలుగు పలుకులు పలికి రాగం ముఖం చూపిస్తాడు. తర్వాత ఏదో ఒక స్వరం మీద ఆగి, దాని చుట్టూ అల్లి, ఇంకొంచెం పైన ఇంకో స్వరం మీద ఆగుతాడు. ఎక్కడెక్కడ ఆగుతున్నాడో గమనించడమే ఆలాపన వినడం. మంద్రం నుంచి మధ్యకు, అక్కడి నుంచి తారస్థాయి షడ్జానికి, దాన్ని దాటి ఇంకా పైకి, మళ్లీ నెమ్మదిగా ఇంటికి. గాయకుడు ముగించాక వయొలిన్ విద్వాంసుడు అదే రాగాన్ని తన వంతుగా వాయిస్తాడు. చాలామంది ఆ కాసేపూ పక్కవాళ్లతో మాట్లాడతారు. కానీ కొత్త శ్రోతకు అదే అసలు వరం: ఇప్పుడే విన్న రాగాన్ని మాటా నోరూ లేకుండా రెండోసారి వినే అవకాశం. మొదటిసారి జారిపోయింది రెండోసారి దొరుకుతుంది.

కీర్తన మొదలయ్యాక చేయి ఖాళీగా ఉంచకూడదు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు: అరచేత్తో ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఆపైన దెబ్బ, అరచేయి తిప్పడం, మళ్లీ దెబ్బ, తిప్పడం. తప్పినా ఫరవాలేదు, ముందు వరుసలో వేసే చేతిని చూసి కలుపుకోవచ్చు. తాళం చేతిలో ఉన్నవాళ్లకు నెరవులోనూ (ఒకే పాదాన్ని రాగంలో విస్తరించి పాడడం) కల్పనస్వరాల్లోనూ (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) గాయకుడు ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరాలనుకుంటున్నాడో తెలుస్తుంది, చేరినప్పుడు "భళా" దానంతటదే వస్తుంది. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనానికి సగం హాలు కాఫీకి లేచిపోవడం మాత్రం మానుకోవలసిన అలవాటు.

పుష్య బహుళ పంచమికి, అంటే త్యాగరాజు 1847లో సిద్ధి పొందిన తిథికి, ఊరూరా ఆరాధనలు జరుగుతాయి. అక్కడ అందరూ కలిసి పాడే పంచరత్నాలు కొత్తవారికి రాగం నేర్పుతాయా? ఒక విధంగా నేర్పవు. వందమంది గొంతులు కలిసినప్పుడు గమకం అణగిపోతుంది, భక్తి మిగులుతుంది. ఇంకో విధంగా అంత మంచి పాఠం ఇంకోటి లేదు. ఆ అయిదు కీర్తనల్లో చరణాలను ముందు స్వరాలుగా పాడి, వెంటనే అదే వరుసలో సాహిత్యం పాడతారు. మాటకు కింద ఏ స్వరం ఉందో త్యాగరాజే చెప్పి పాడించినట్టు ఉంటుంది. కాగితం చేతిలో పట్టుకుని, ఎక్కువ గొంతులు లేని ఒక రికార్డింగుతో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ ఒక్కో రాగాన్నీ అలా వినవచ్చు.

ఆ ఆరాధనతో విజయవాడకున్న సంబంధం ఉత్సవంతోనే ఆగదు. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారు విజయవాడలో కూర్చుని పాఠం చెప్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో ఈ ఊరి త్యాగరాజ ఆరాధనలోనే తొలి పూర్తి కచేరీ చేశారు. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి కూడా పంతులుగారి శిష్యులే, ఆయనకు పద్మశ్రీ 2021లో వచ్చింది. ఈ పరంపర సంగతి కొత్త శ్రోతకు ఎందుకంటే, ఒకే కీర్తనను ఈ శాఖవారు ఒకలా, వేరే శాఖవారు ఇంకోలా పాడతారు. ఈ తేడాను పాఠాంతరం అంటారు. ఒకే రాగం, ఒకే కీర్తన ఇద్దరి గొంతుల్లో విని, ఏది మారింది, ఏది మారలేదు అని చూస్తే, మారనిది రాగమని పట్టుబడుతుంది.

బాలమురళీకృష్ణ ఇంకో ప్రశ్న కూడా లేపారు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలని శాస్త్రం. ఆయన స గ ప ని అనే నాలుగింటితో 'మహతి' చేశారు. అది రాగమవుతుందా అని అప్పట్లో పెద్ద వాదమే నడిచింది. తీర్పు పండితులకు వదిలేసినా, మహతి విని చూడడం మంచిది. స్వరాలు ఎంత తగ్గితే వాటి మధ్య దూరాలు అంత స్పష్టంగా వినిపిస్తాయి, ఊపిరి పీల్చుకునే చోట్లు అంత బాగా తెలుస్తాయి.

మోహనం, హంసధ్వని, శంకరాభరణం, కల్యాణి, హిందోళం, ఆరభి. వీటితో ఒక ఏడాది గడిపితే తొందరపడినట్టు కాదు, ఆలస్యమైనట్టూ కాదు. వరాళి, శహన, తోడి లాంటివి ఆ తర్వాత. తోడి సంగతి ప్రత్యేకం. మేళకర్తల్లో ఎనిమిదోది, విద్వాంసులు గంటసేపైనా పాడగలిగే రాగం, కొత్తవారికి మాత్రం మొదట ఏడుపులా, గజిబిజిగా అనిపిస్తుంది. కారణం దాని గాంధారం. హార్మోనియం మీద తోడి గాంధారం ఒక మెట్టు, నొక్కితే పలుకుతుంది, కానీ అది తోడి కాదు. గొంతులో ఆ గాంధారం ఒక చోట నిలవదు. కింద రిషభం అంచు నుంచి పైన మధ్యమం దాకా ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపంతా కలిసి గాంధారం. స్వరాన్ని ఒక చుక్కగా వినడానికి అలవాటుపడ్డ చెవికి అక్కడ పట్టు దొరకదు. కాబట్టి తోడిని మొదట వీణ మీద, విలంబంగా, అంటే నెమ్మది నడకలో వినాలి. ఎడమచేతి వేలు తీగను లాగి వదులుతున్న చోటే చూస్తూ, పలకబోయేది 'రి' నా 'మ' నా అని తేల్చుకోవాలన్న ఆత్రం పక్కన పెట్టి, ఆ ఊపు మొత్తాన్నీ ఒకే స్వరంగా విననివ్వాలి. కొన్ని వారాల తర్వాత ఏదో కచేరీలో గాయకుడు ఇంకా రాగం పేరు చెప్పకుండానే ఆ గాంధారం ఒక్కసారి ఊగుతుంది, శ్రోత అది తోడి అని తనంతట తానే పోల్చుకుంటాడు.